వెనక వరస మొక్కలు



రాజమండ్రి నుంచి వేమగిరి మీదుగా హైవే పట్టుకుంటే కాసేపటికే రోడ్డుకి రెండు పక్కలా మొక్కలు మొదలవుతాయి. కడియపులంక, బుర్రిలంక, జేగురుపాడు అంటూ ఊళ్ళ పేర్లు మారతాయి గానీ మొక్కల వరస మాత్రం తెగదు. గోదావరి కాలవ నీళ్ళు, లంక మట్టి, తరాలుగా చేతికి అలవాటైన అంటు కట్టే పని, ఈ మూడూ కలిసి కడియం నర్సరీలయ్యాయి. ఇక్కడ లారీ ఎక్కిన మొక్క దేశంలో ఏ మూలకైనా పోతుంది. రోడ్డు వైపు చేమంతులు, పెటూనియాలు, పొట్టి గులాబీలు నిండా పూసి నిలబడి ఉంటాయి. కార్లు ఆగేది వాటిని చూసే. నేను చెప్పబోయేది వాటి సంగతి కాదు.

లోపలికి నడవండి. షేడ్‌నెట్ పందిరి దాటండి. ఆడవాళ్ళు కూర్చుని కవర్లలో మట్టి నింపే చోటు కూడా దాటండి. మోటారు షెడ్డు పక్కన చిరిగిన పైపులూ పగిలిన కుండీలూ పడేసే మూల ఒకటుంటుంది. ఆ మూలలో ఇరవయ్యో ముప్ఫయ్యో మొక్కలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. కవరు చీకిపోయి ఉంటుంది. పేరు రాసిన ముక్క ఎండకి వెలిసి తెల్లబడి ఉంటుంది. కాళ్ళ దగ్గర ఆకు ఉండదు, కొసన నాలుగు ఆకులుంటాయి, అవీ పసుపు. ట్యూబు పట్టుకుని నీళ్ళు కొట్టే కుర్రాడు అక్కడిదాకా రాడు. వస్తే పైపైన ఒక జల్లు కొట్టి పోతాడు.

పదకొండేళ్ళుగా నేను మొక్కలు కొనేది ఆ వరసలోనే.

దయతో అనుకోకండి. పిసినారితనం అంటే ఒప్పుకుంటాను, కొంత నిజం కూడా. అసలు కారణం వేరే. ఆ మొక్కల్లో చాలావాటికి జబ్బేమీ ఉండదు. సీజనులో అమ్ముడుపోలేదు, అంతే. కవర్లో మొక్క అంటే సంచిలో పెట్టిన పిల్లాడిలాంటిది. ఆరు నెలలో, ఏడాదో ఉండడానికి ఆ సంచి. రెండో ఏడు కూడా అందులోనే ఉంటే వేరుకి చోటు ఉండదు, తిండి ఉండదు, పోసిన నీళ్ళు నిలవవు. అప్పుడు ఆకు పసుపుబారుతుంది. ఆకు పసుపుబారింది కాబట్టి వెనక్కి జరుపుతారు. వెనక్కి జరిపారు కాబట్టి నీళ్ళు తగ్గుతాయి. తప్పు మొక్కది కాదు, కవరుది. నర్సరీ రైతునీ తప్పు పట్టను. వేల మొక్కలున్నవాడు అమ్ముడుపోని ముప్ఫైకి కొత్త కవరు, కొత్త మట్టి, కూలీ పెడితే గిట్టదు. నాలాంటి తీరికైన మనిషికే గిడుతుంది.

కిందటేడు జ్యేష్ఠమాసంలో అలా ఒక మందారం దొరికింది. నడుమెత్తు ఉంది. కొమ్మల చివర పిండినల్లి తెల్లగా పట్టి ఉంది. ఎత్తబోతే కదల్లేదు. "ఆగండమ్మగారూ, అది నేలకి దిగిపోయిందండి" అంటూ అక్కడ పనిచేసే అబ్బాయి కొడవలి పట్టుకొచ్చాడు. కవరు అడుగున రంధ్రంలోంచి బొటనవేలంత వేరు నేలలోకి దిగిపోయి ఉంది. ఒక్క వేటుకి కోసేసి నా చేతిలో పెట్టాడు. "ముద్ద మందారమండి ఇది. ఇరవై ఇచ్చి పట్టుకెళ్ళిపోండి. బతికితే మీ అదృష్టం."

ఆ వేటు సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. నర్సరీలో కళగా ఉన్న మొక్క ఇంటికి రాగానే మూడో రోజుకి తల వేలాడేస్తే మనం చెయ్యి అచ్చిరాలేదనుకుంటాం. చాలాసార్లు జరిగేది ఇది: ఆ మొక్క అంతకాలం కవర్లో మట్టితో బతకలేదు, కింద నేలతో బతికింది. దాన్ని పెరికి ఇచ్చినప్పుడు నీళ్ళు తాగే వేళ్ళన్నీ అక్కడే నేలలో ఉండిపోయాయి. మన చేతికి వచ్చింది పై భాగమే. అందుకే ముందు వరసలో కొన్నా సరే, ముందు కవరు ఎత్తి అడుగు చూడండి. తాజాగా తెగిన లావుపాటి వేరు కనిపిస్తే ఇంకో మొక్క అడగండి. వెనక వరసలో ఇరవై రూపాయలదైతే తెలిసే తెచ్చుకుంటాం కాబట్టి వైద్యం కూడా తెలిసే చేస్తాం.

ఏది తేవాలి, ఏది వదిలెయ్యాలి? బోదె మీద గోరుతో చిన్నగా గీకండి. తొక్క కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి గీకండి. కొమ్మలన్నీ ఎండినా మొదట్లో పచ్చదనం ఉంటే తెచ్చుకోవచ్చు. తర్వాత బోదె మట్టిలోకి దిగేచోట వేలితో నొక్కండి. మెత్తగా దిగబడితే ఆ మొక్కకి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. కుళ్ళు మొదట్లో చేరితే తిరగదు. మట్టి వాసన చూడండి. నర్సరీలో మట్టి వాసన చూస్తున్న మనిషిని జనం వింతగా చూస్తారు, చూడనివ్వండి. మంచి మట్టి తొలకరి వాసన వేస్తుంది. మురుగు వాసన వచ్చిందంటే లోపల వేళ్ళు ఊపిరాడక చచ్చాయని అర్థం.

అంటు మొక్కల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. నిమ్మ, మామిడి, సపోటా, గులాబి, వీటికి కింద వేరు ఒక మొక్కది, పైన కొమ్మ ఇంకో మొక్కది. అతుకు కణుపులా ఉబ్బి కనిపిస్తుంది. పట్టించుకోని మొక్కలో పైన మంచి జాతి కొమ్మ చచ్చిపోయి, అతుకు కింది నుంచి వేరు మొక్క చిగుర్లు దివ్యంగా లేస్తూ ఉంటాయి. చూసేవాడికి "ఆహా, చిగురు వేసింది" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఒక గులాబిని ఏడాదిన్నర సాకాను. కొమ్మలు డాబా పిట్టగోడ దాటి పాకాయి. చివరికి గుత్తులు గుత్తులుగా పూసింది, వేలి గోరంత తెల్లపూలు. నేను పెంచింది గులాబిని కాదు, గులాబిని మొయ్యడానికి పెట్టిన అడవి జాతి గులాబిని. అప్పట్నుంచి చిగురు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా రూపాయి తియ్యను. అతుకు చుట్టూ కట్టిన ప్లాస్టిక్ రిబ్బను కూడా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. బోదె లావెక్కే కొద్దీ అది ఉరితాడవుతుంది. ఇంటికి రాగానే బ్లేడుతో నిలువుగా కోసి తీసెయ్యండి.

కనకాంబరం మాత్రం వెనక వరస నుంచి నేను తేను. దాని వేళ్ళకి నులిపురుగు ఇట్టే పడుతుంది. వేళ్ళ మీద గింజల్లా బుడిపెలు కనిపిస్తాయి. అది మట్టితోపాటు మన మిగతా కుండీల్లోకి వస్తుంది. ఒక మొక్కని కాపాడబోయి పది మొక్కల మీదికి తెచ్చుకోవడం అవుతుంది.

సరే, మొక్క ఇంటికొచ్చింది. ఇప్పుడు అందరూ చేసే పని, ఆ సాయంత్రమే కుండీలోకి మార్చడం. చెయ్యకండి. ఆటోలో కుదుపులు తిని, చోటు మారి, వెలుగు మారి వచ్చిన మొక్క అది. వారం రోజులు మిగతా మొక్కలకి దూరంగా, పొద్దుటి ఎండ మాత్రం తగిలేచోట ఉంచండి. ఈ వారంలో పురుగు పని పట్టండి. పిండినల్లి కొద్దిగా ఉంటే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే చాలు. ఎక్కువుంటే ఆ కొమ్మల చివర్లు కోసి బయట పారేసి, లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. చీమలు తిరుగుతున్నాయేమో కూడా చూడండి. పిండినల్లి, పేనుబంక విడిచే తీపి కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. చీమల్ని వదిలేసి పురుగుని చంపితే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

నీళ్ళ సంగతి. ఎండిపోయిన కవర్లో పైనుంచి చెంబుడు నీళ్ళు పోస్తే అర నిమిషంలో కింద నుంచి కారిపోతాయి. మనం "తడిసింది" అనుకుంటాం. లోపల ముద్ద పొడిగానే ఉంటుంది. కొబ్బరి పొట్టు, మాగిన ఎరువు కలిసిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే ముడుచుకుని అంచు వదిలేస్తుంది. నీళ్ళు ఆ సందులోంచి జారిపోతాయి. దీనికి పని బకెట్టులో. కవరుతో సహా మొక్కని నీళ్ళ బకెట్టులో దింపండి. బుడబుడమని బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా ఉంచండి. పది నిమిషాలు పట్టొచ్చు, అరగంట పట్టొచ్చు. బుడగలు ఆగాక తీసి నీడలో నీళ్ళు ఓడనివ్వండి. మా మనవడికి ఈ బుడగలు చూడటం సినిమాతో సమానం. వాడే నాకు టైము చెప్పేవాడు.

వారం అయ్యాక అసలు పని. మా మందారం కవరు నిలువుగా కోస్తే లోపల మట్టి కనిపించలేదు. వేళ్ళ తాడు కనిపించింది. కవరు గోడని ఆనుకుని ఒకదాని మీద ఒకటి గుండ్రంగా, కొబ్బరి తాడు చుట్ట పెట్టినట్టు చుట్టుకున్నాయి. అడుగున ఆ చుట్ట చాపలా మందంగా అల్లుకుపోయింది. దాన్ని ఊడదీస్తే లోపల ఇంకో పొర, నర్సరీవాళ్ళు నింపిన ఎర్రమట్టి, గట్టిపడి పెళుసుగా. దాని నడుమ మూడో పొర, నిమ్మకాయంత బంకమట్టి ముద్ద. ఆ మొక్క చిన్నప్పుడు కొమ్మగా వేరు పోసుకున్న మట్టి అది. రెండు వయసుల మట్టి ఒక్క మొక్క దగ్గర ఉంది. నీళ్ళు ఎర్రమట్టిలో ఇంకుతాయి గానీ ఆ బంకముద్దలోకి దిగవు, దిగితే బయటికి రావు. మొక్క మొదలు ఎప్పుడూ అయితే ఎండుగానో, కాకపోతే బురదగానో ఉంటుంది.

చాలామంది ఈ వేళ్ళ ముద్దని "వేరు కదలకూడదు" అని అలాగే ఎత్తి కొత్త కుండీలో పెట్టేస్తారు. అమ్మమ్మల కాలం నుంచీ వస్తున్న మాట అది. లేత నారుకి నిజమే. వేళ్ళు చుట్టుకుపోయిన పెద్ద మొక్కకి కాదు. చుట్టుకున్న వేరు కొత్త మట్టి వేసినా చుట్టుకుంటూనే పోతుంది. అదే దారిలో లావెక్కుతుంది. ఏళ్ళు గడిచాక తన బోదెనే నొక్కేస్తుంది. మా వీధి చివర ఓ గాలివానకి పడిపోయిన చెట్టు మొదట్లో నల్లటి కవరు పీలికలు చూశాను. నాటినవాళ్ళు కవరు కూడా తియ్యలేదు. ఏడెనిమిదేళ్ళ చెట్టుకి బకెట్టంత వేరు.

కాబట్టి కొయ్యాలి. మొదటిసారి చెయ్యి వణుకుతుంది, నాకూ వణికింది. పదునైన కత్తెర తీసుకుని స్పిరిట్‌తో తుడవండి. అడుగు చాపని అంగుళం మందాన అట్టులా కోసి తీసెయ్యండి. పక్కల మూడు నాలుగు చోట్ల నిలువుగా గాటు పెట్టండి. చుట్టుకున్న లావు వేళ్ళని తిరగబడ్డ చోట కత్తిరించండి. మిగిలిన వాటిని వేళ్ళతో, కావాలంటే వంటింటి ఫోర్కుతో, చిక్కు జుట్టు దువ్వినట్టు కింది నుంచి పైకి విడదియ్యండి. లోపలి బంకముద్దని బకెట్టు నీళ్ళలో నానబెట్టి మెల్లగా కరిగించండి. తెల్లగానో లేత గోధుమగానో గట్టిగా ఉన్నది బతికున్న వేరు. నల్లగా ఉండి, లాగితే తొక్క తొడుగులా ఊడి లోపల దారం మిగిలితే చచ్చిన వేరు, కోసెయ్యండి. మొత్తం వేళ్ళలో మూడో వంతు దాకా పోయినా మందారం, నందివర్ధనం, కరివేపాకు, మల్లె తట్టుకుంటాయి. వేరు తగ్గింది కాబట్టి పైన కూడా తగ్గించాలి. మన ఎండలకి ఇది తప్పదు. మూడో వంతు కొమ్మ కోసి, పెద్ద ఆకులు కొన్ని తుంచండి. ఈ పని సాయంత్రం నీడలో, వేరు ఎండకుండా తడి గోనె దగ్గర పెట్టుకుని, చకచకా కానివ్వాలి. మధ్యలో ఫోను వస్తే ఎత్తకండి.

అన్నిటికీ ఈ కోత పనికిరాదు. కాగితం పువ్వు, అదే బోగన్‌విలియా, వేరు కదిలితే అలుగుతుంది. దాని కవరు మాత్రం జాగ్రత్తగా కోసి తీసి, ముద్ద విరక్కుండా పెట్టాలి. ఎడారి గులాబి అడీనియం ఇంకోరకం. దాని వేరు కోస్తే రసం కారుతుంది. నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, గాయం ఎండాక పొడి మట్టిలో నాటి, ఇంకో వారం దాకా నీళ్ళు పొయ్యకూడదు. తడి మట్టిలో పెడితే దుంప కుళ్ళిపోతుంది.

ఇక కుండీ. ఆరంగుళాల కవరు నుంచి వచ్చిన మొక్కకి ఎనిమిదంగుళాల కుండీ చాలు. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని పద్నాలుగంగుళాల కుండీ తెస్తారు, పిల్లలకి వచ్చే ఏటికి కూడా సరిపోయే చొక్కా కొన్నట్టు. వేరు లేని మట్టిలో నీళ్ళని తాగేవాళ్ళు ఉండరు. అది రోజుల తరబడి తడిగా ఉండి పులుస్తుంది. కోత పడ్డ వేరు ఆ తడిలో కుళ్ళుతుంది.

కుండీ అడుగున గులకరాళ్ళు పొయ్యాలని మనందరికీ ఎవరో చెప్పారు. నేనూ చాలా ఏళ్ళు పోశాను, గోదావరి ఇసుకలోంచి ఏరి కడిగి మరీ. ఇప్పుడు పొయ్యను. ఎందుకో తెలియాలంటే, రేడియో వింటూనే వంటింట్లోకి వెళ్ళి అంట్లు తోమే స్పాంజి, కొత్తది, ఒకటి తీసుకోండి. బాగా తడిపి అరచేతి మీద బల్లపరుపుగా పట్టుకోండి. నీళ్ళు కారి కారి ఆగిపోతాయి. ఇప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా, పొడవు కిందికి వచ్చేలా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి! స్పాంజి అదే, నీళ్ళు అవే. నిలువు పెరిగింది, అంతే. మట్టి కూడా స్పాంజే. అడుగున కొంత మందం మేర నీళ్ళు పట్టుకునే ఉంటుంది, వదలదు. మట్టి ఎంత నిలువుంటే ఆ తడి పొర వేళ్ళకి అంత దూరం. రాళ్ళు పోస్తే మట్టి నిలువు తగ్గి, తడి పొర రాళ్ళ పైకి, అంటే వేళ్ళ దగ్గరికి జరుగుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా పెంకు ముక్క బోర్లించడమో, దోమతెర ముక్క వెయ్యడమో చేస్తే సరిపోతుంది. రంధ్రం లేని అందమైన కుండీలు అమ్ముతారు. అవి పెన్నులు పెట్టుకోవడానికి బాగుంటాయి.

మట్టి గురించి ఒక మాట. మా డెల్టా నల్లమట్టి వరికి బంగారం, కుండీకి మాత్రం ఇటుక. ఎండితే నెర్రెలిచ్చి వేళ్ళని తెంపుతుంది. మెట్ట ప్రాంతపు ఎర్రమట్టి రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు ముతక ఇసుక, గుప్పెడు వేపపిండి. ఇది నా లెక్క. కొబ్బరి పొట్టుకి మాకు కొరత లేదు, పక్కనే కోనసీమ. కానీ దాంట్లో ఉప్పు ఉంటుంది. రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి పిండి వాడాలి. కలిపిన మట్టిని గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి. జంతికల పిండి కలిపిన చేతులకి వేరే చెప్పక్కర్లేదు.

నాటేటప్పుడు పాత మట్టి గీత ఎక్కడుందో బోదె మీద చూసి అంతవరకే పూడ్చండి. లోతుగా దిగేస్తే మొదలు కుళ్ళుతుంది. అంటు అతుకు మట్టికి పైనే ఉండాలి. పైన అంగుళం ఖాళీ వదలండి, నీళ్ళు నిలవడానికి. మట్టిని కాలితో తొక్కినట్టు నొక్కకండి. కుండీని రెండుసార్లు నేలకి తట్టి, నిండా నీళ్ళు పోస్తే మట్టి దానంతటదే సర్దుకుంటుంది. కొత్త మట్టి కుండీ అయితే ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే మీరు పోసిన నీళ్ళు అదే తాగేస్తుంది.

ఇక్కణ్ణుంచి మనం ఏమీ చెయ్యకుండా ఉండాలి. అన్నిటికంటే కష్టం ఇదే. పది రోజులు నీడ. ఆకులు రాలతాయి, రాలనివ్వండి. రోజూ పొద్దున్నే నీళ్ళు పొయ్యడం కాదు, వేలు రెండో కణుపు దాకా మట్టిలో పెట్టి పొడిగా తగిలితేనే పొయ్యండి. నెల రోజులు ఎరువు మాట ఎత్తకండి. కోత పడ్డ వేరుకి ఎరువు పుండు మీద కారం. ఒకసారి నేను, బాగా తేరుకుంటుందని, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు మూడో రోజే పోశాను. అదొక సన్నజాజి. తెల్లారేసరికి తలవాల్చింది, వారానికి చీపురుపుల్ల. దాన్ని నర్సరీవాడు రెండేళ్ళు పట్టించుకోలేదు, బతికింది. నేను మూడు రోజులు పట్టించుకున్నాను, పోయింది.

గుడ్డు పెంకులు, టీ పొడి, బియ్యం కడుగు నీళ్ళ గురించి అడుగుతుంటారు. బియ్యం నీళ్ళతో నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. చక్కెర వేసి కాచిన టీ పొడి వేస్తే చీమలొస్తాయి. గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది. మెత్తగా పొడి చేస్తే కొంచెం నయం. ముక్కలుగా వేస్తే వచ్చే ఏడు మట్టి మార్చేటప్పుడు మీ పెంకులు మీకే దొరుకుతాయి.

నెల తర్వాత ఆకు చూసి తిండి పెట్టండి. కింది ముదురాకులు ముందు పసుపుబారుతుంటే నత్రజని చాలడం లేదు, మాగిన ఎరువు పలచగా వేస్తే కోలుకుంటుంది. పైన లేతాకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. హైదరాబాదులో ఉండే మా అమ్మాయి నిమ్మకి ఇదే జరిగింది. వాళ్ళది బోరు నీళ్ళు. కుండీ అంచున సున్నం కొట్టినట్టు తెల్లటి పొర. మట్టిలో ఇనుము ఉన్నా ఆ సున్నపు నీటికి వేరు దాన్ని పీల్చుకోలేదు. పై మట్టి అంగుళం తీసి మార్చి, వాననీళ్ళు దొరికినప్పుడల్లా నిండా పోసి కింది నుంచి కారనిమ్మన్నాను. అన్నట్టు అదే నిమ్మకి పక్షి రెట్టలా కనిపించే గొంగళిపురుగులు వస్తే ఒకటి రెండు వదిలెయ్యమని కూడా చెప్పాను. అవి నిమ్మ సీతాకోకచిలుకలవుతాయి.

ఎప్పుడు చెయ్యాలీ పని? రోహిణి కార్తెలో మాత్రం వద్దు. రోళ్ళు పగిలే ఎండలో వేరు కోస్తే ఎంతటి మొక్కైనా నిలవదు. మృగశిర చిలకరించాక, ఆరుద్ర పట్టాక, గాలిలో తేమ ఉన్నప్పుడు కొయ్యండి. అప్పటికింకా వాన రాలేదంటే బకెట్టు స్నానం చేయించి, నీడలో పెట్టి, ఆగండి. మల్లె సంగతి వేరు. దానికి పుష్య మాసం చలిలో, నీళ్ళు ఆపి ఆకు దూసి కొమ్మ కత్తిరించేటప్పుడే మట్టి కూడా మార్చేస్తే వేసవికి మొగ్గ మీదుంటుంది. పూత మీదున్న మొక్క జోలికి ఏ నెలలోనూ పోకండి.

అన్నీ బతుకుతాయని చెప్పను. కిందటేడు వెనక వరస నుంచి పదకొండు తెచ్చాను. నాలుగు పోయాయి. వాటిలో ఒకటి ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు. చిగురు వేసి మరీ పోయింది.

మందారం బతికింది. నలభై రోజులు మోడులా నిలబడి, శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున బోదె మీద ఆవగింజంత పచ్చటి బుడిపె పెట్టింది. దీపావళికి గుబురైంది. కార్తీకంలో పూసింది. ముద్ద మందారం కాదు, ఐదు రెక్కల మామూలు ఎర్ర మందారం. మళ్ళీ కడియం వెళ్ళినప్పుడు ఆ అబ్బాయితో అంటే ఏమాత్రం తడుముకోలేదు. "ఆయ్, ఇరవై రూపాయలకి ముద్ద మందారం ఎక్కడొస్తుందండీ!" అన్నాడు. ఇంకో రెండు మొక్కలు ఇరవై చొప్పున ఇచ్చాడు. ఒకటి నందివర్ధనమట. పూస్తే గానీ చెప్పలేం.

రేపు పొద్దున నీళ్ళు పొయ్యబోయే ముందు మీ ఇంట్లో పాతబడిన కుండీ ఒకదాన్ని పక్కకి వంచి అడుగు చూడండి. రంధ్రంలోంచి వేరు బయటికొచ్చి ఉంటే కత్తెర పదును పెట్టించుకుని వానల కోసం చూడండి.